తల్లి ఒడే తొలి బడి – కొమేనియస్ మహాశయుని జీవితం

మనలో ఉపాధ్యాయులుగా పనిచేసి రిటైరైనవారికి కొమేనియస్ పేరు కొత్తది కాదు. ట్రైనింగు రోజుల్లో ప్లేటో, రూసో, పెస్టాలజీ, ఫ్రోబెల్ వరుసలో ఆయన పేరూ చదివాం. పరీక్షలో ఓ వ్యాసం రాశాం, మార్కులు వచ్చాయి, మరిచిపోయాం. బొమ్మలు చూపి పాఠం చెప్పమన్నవాడు అన్నంతవరకే చాలామందికి గుర్తు. ఆయన ఒక క్రైస్తవ సంఘకాపరి అనీ, భార్యను, ఇద్దరు పసిబిడ్డలను తెగులుకు పోగొట్టుకున్నవాడనీ, నలభై రెండేళ్ళు పరాయి గడ్డమీద బతికి అక్కడే కన్నుమూశాడనీ మనం అంతగా పట్టించుకోలేదు. పిల్లలకు చదువు ఎందుకు, ఆ చదువుకు దైవభక్తికి సంబంధమేమిటి అన్న ప్రశ్నలకు ఆయన చెప్పిన జవాబు ఆ జీవితంలోంచే పుట్టింది. కనుక ఈ ప్రత్యేక సంచికలో ఆయన కథను మొదటినుంచీ చెప్పుకుందాం.

తల్లిదండ్రులు లేని బాల్యం

జాన్ ఆమోస్ కొమేనియస్ 1592 మార్చి 28న మొరేవియాలో పుట్టాడు. అది నేటి చెక్ రిపబ్లిక్‌లో తూర్పు భాగం. వారి భాషలో ఆయన పేరు యాన్ ఆమోస్ కొమెన్‌స్కీ. కొమేనియస్ అన్నది లాటిన్ రూపం. ఆ కుటుంబం సహోదరుల ఐక్య సంఘం అనే చిన్న ప్రొటెస్టెంటు సంఘానికి చెందింది. 1415లో సజీవంగా దహనమైన యాన్ హుస్ బోధలను అనుసరించినవారు 1457లో స్థాపించుకున్న సంఘమది. సంఖ్యలో చిన్నదైనా చదువు విషయంలో పెద్దది. తమ పిల్లలు బైబిలును సొంత భాషలో చదవాలని పట్టుబట్టి, చెక్ భాషలో చక్కని అనువాదం చేసి అచ్చువేసుకున్నవారు.

కొమేనియస్‌కు పన్నెండేళ్ళు వచ్చేసరికే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు కూడా పోయారు. పిల్లవాణ్ణి స్ట్రాజ్నిత్సె ఊళ్ళో ఉన్న మేనత్త చేరదీసింది. 1605లో ఆ ఊరు సైనికుల దాడిలో తగలబడిపోయింది. సంరక్షకులు అతని చదువును సరిగా పట్టించుకోలేదు. ఆ రోజుల్లో పైచదువుకు లాటిన్ తప్పనిసరి. ఆ లాటిన్ బడి గడప తొక్కేసరికి కొమేనియస్‌కు పదహారేళ్ళు. తనకంటే ఎంతో చిన్నవాళ్ళ పక్కన కూర్చుని అక్షరం నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది.

ఆలస్యంగా వెళ్ళడం వల్ల ఒక మేలు జరిగింది. బడిలో పసివాళ్ళు ఏం అనుభవిస్తున్నారో అతను పెద్దవాడి కళ్ళతో చూశాడు. అర్థం తెలియని వ్యాకరణ సూత్రాలు బట్టీ పట్టడం, ఒప్పజెప్పలేకపోతే బెత్తం దెబ్బలు తినడం. మన వీధిబడుల్లో కోదండం, గోడకుర్చీ అనుభవించినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఇలాంటి బడి పిల్లల మనసులను చంపుతుందేగాని పెంచదని అతనికి ఆనాడే అనిపించింది. తర్వాత జీవితమంతా ఆ మాటను మరువలేదు.

ఆపైన జర్మనీలోని హెర్బార్న్, హైడెల్‌బర్గ్ విద్యాపీఠాల్లో చదివాడు. హైడెల్‌బర్గ్‌లో ఉండగా కోపర్నికస్ స్వయంగా రాసిన గ్రంథపు రాతప్రతిని కొన్నాడు. చేతిలో డబ్బు అయిపోతే తిరుగు ప్రయాణం కాలినడకన సాగించాడు. 1614లో తాను చదివిన బడిలోనే ఉపాధ్యాయుడయ్యాడు. 1616లో గురుత్వాభిషేకం పొందాడు. 1618లో ఫుల్నెక్ అనే ఊరికి సంఘకాపరిగా, అక్కడి బడికి పెద్దగా వెళ్ళాడు. పెళ్ళి చేసుకున్నాడు. ఇక స్థిరపడ్డాడని అందరూ అనుకున్నారు.

మొదటి మంట

సరిగ్గా ఆ 1618లోనే యూరపులో ముప్పై ఏళ్ళ యుద్ధం మొదలైంది. కాథలిక్కులు ఒకవైపు, ప్రొటెస్టెంట్లు ఒకవైపు, మధ్యలో రాజుల అధికార దాహం. 1620లో ప్రాగ్ నగరం దగ్గర తెల్లకొండ యుద్ధంలో చెక్ ప్రొటెస్టెంట్లు చిత్తుగా ఓడిపోయారు. 1621లో చక్రవర్తి సైన్యాలు ఫుల్నెక్‌ను కొల్లగొట్టాయి. ప్రొటెస్టెంటు బోధకుడు దొరికితే ప్రాణానికే ముప్పు. కొమేనియస్ ఇల్లు విడిచి అజ్ఞాతంలోకి వెళ్ళాడు. 1622లో ఊళ్ళో తెగులు వ్యాపించి ఆయన భార్య మగ్దలేనా, ఇద్దరు బిడ్డలు చనిపోయారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పై. 1623లో ఫుల్నెక్‌లో మిగిలిన ఆయన పుస్తకాలను సైతం తగలబెట్టారు.

ఆ దుఃఖంలో, ఒక ప్రభువు ఎస్టేటులో తలదాచుకుని, ప్రపంచపు చిక్కుదారి, హృదయ స్వర్గం అనే అర్థం వచ్చే పేరుతో చెక్ భాషలో ఒక పుస్తకం రాశాడు. లోకమంతా తిరిగి చూసిన యాత్రికుడు ఎక్కడా నెమ్మది దొరకక చివరకు తన హృదయంలోనే క్రీస్తును కనుగొంటాడు. చెక్ సాహిత్యంలో అది నేటికీ గొప్ప గ్రంథాల్లో ఒకటి.

1624లో ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. 1627లో బొహీమియాలో, మరుసటి ఏడు మొరేవియాలో కొత్త శాసనాలు వచ్చాయి. చక్రవర్తి మతం పుచ్చుకోవాలి, లేదా దేశం విడిచి పోవాలి. 1628 ఫిబ్రవరి చలిలో ఆయన కుటుంబంతో, తోటి విశ్వాసులతో కొండలు దాటి పోలండ్ వైపు నడిచాడు. సరిహద్దు దగ్గర అందరూ మోకరించి, తమ దేశంలో సత్యబీజం పూర్తిగా నశించకుండా కాపాడమని ప్రార్థించారని చెబుతారు. ఆయన మళ్ళీ సొంత గడ్డమీద స్థిరంగా బతికే రోజు రాలేదు.

పునాది, ప్రయోజనం

పోలండ్‌లోని లెష్నో పట్టణం ఈ శరణార్థులకు చోటిచ్చింది. అక్కడ కొమేనియస్ బడిపంతులుగా చేరాడు. దేశం పోయింది, ఆస్తి పోయింది, అధికారం ఎన్నడూ లేనే లేదు. మళ్ళీ మొదలుపెట్టడానికి మిగిలింది పిల్లలు మాత్రమే అన్నది ఆయన నమ్మకం. ఏదో ఒకనాడు తలుపులు తెరుచుకుంటే స్వదేశాన్ని తిరిగి కట్టేందుకు బడి ఎలా ఉండాలో ముందే ఆలోచించి పెట్టుకోవాలని, 1628 నుంచి 1632 వరకు చెక్ భాషలో ఒక పెద్ద గ్రంథం రాశాడు. తర్వాత దాన్నే విస్తరించి లాటిన్‌లో రాశాడు. మనం ట్రైనింగులో పేరు విన్న మహాబోధనా శాస్త్రం ఇదే.

ఆ గ్రంథానికి పునాది బైబిలు మొదటి పుటల్లోనే ఉంది. మనిషిని దేవుడు తన స్వరూపంలో చేశాడు. ఈ మాటను కొమేనియస్ అక్షరాలా తీసుకున్నాడు. మనిషన్న ప్రతివాడిలో ఆ స్వరూపం ఉంటే, చదువు కొందరికే అనడానికి ఎవరికి హక్కుంది? కనుక ఆడపిల్లలకు, మగపిల్లలకు, గొప్పింటివారికి, కూలివారికి, పట్నవాసులకు, పల్లెవాసులకు అందరికీ బడి ఉండాలన్నాడు. మందబుద్ధి అనిపించుకున్న పిల్లలను ఇంటికి పంపకూడదు, వాళ్ళకే సహాయం ఎక్కువ కావాలన్నాడు. నాలుగు వందల ఏళ్ళ క్రితం, రాజకుటుంబాల్లో తప్ప ఆడపిల్ల చదువు అరుదైన కాలంలో, ఈ మాట పిచ్చిమాటలా వినిపించి ఉంటుంది.

ఇక ప్రయోజనం. ఈ జీవితం నిత్యజీవానికి సన్నాహమని ఆయన విశ్వాసం. ఆ సన్నాహంలో మూడు మెట్లు ఉన్నాయన్నాడు. తనను, తన చుట్టూ ఉన్న సృష్టిని తెలుసుకోవడం మొదటిది, అదే విద్య. తనను తాను అదుపులో పెట్టుకోవడం రెండోది, అదే సత్ప్రవర్తన. తనను, సమస్తాన్ని వాటి మూలమైన దేవుని వైపు తిప్పుకోవడం మూడోది, అదే భక్తి. ఈ మూడింటి విత్తనాలూ పుట్టుకతోనే పిల్లవాడిలో ఉన్నాయి. గురువు తోటమాలి, విత్తనం సృష్టించినవాడు కాడు. నీరు పోయాలి, కలుపు తీయాలి, కాలం కోసం ఆగాలి. మూడింటిలో ఏ ఒక్కటి వదిలేసినా చదువు కుంటిదే. విద్య ఉండి శీలం లేనివాడు సమాజానికి మేలు చేయడు. బుద్ధిని పస్తు పెట్టి భక్తి ఒక్కటే నేర్పబోతే ఆ భక్తికి కళ్ళుండవు. అందుకే లెక్కలు, చేతిపనులు, సంగీతం, దేశాల సంగతులు అన్నీ క్రైస్తవ విద్యలో భాగమేనన్నాడు. దేవుడు చేసిన లోకాన్ని తెలుసుకోవడం ఆయన దృష్టిలో ఆరాధనే.

బలవంతం మీద ఆయనకు ఎక్కడలేని విముఖత. మతం పేరిట తన దేశంలో జరిగిన బలవంతాన్ని చవిచూసినవాడు పిల్లల మీద బలవంతాన్ని ఎలా సమర్థిస్తాడు? పాఠం రానందుకు కొట్టవద్దన్నాడు. వీణ శ్రుతి తప్పితే వాయించేవాడు పిడికిలితో గుద్దడు గదా, చెవి ఒగ్గి తంత్రిని సవరిస్తాడు. క్రమశిక్షణ నడవడిక విషయంలోనే కావాలి. అదీ సూర్యుడి పద్ధతిలో ఉండాలి: వెలుగు, వెచ్చదనం ఎప్పుడూ, వానా గాలీ అప్పుడప్పుడు, పిడుగు ఎన్నడో ఒకసారి. పల్లెబడిలో రోజుకు నాలుగు గంటలకు మించి పాఠం వద్దని, ఉదయం రెండు, మధ్యాహ్నం రెండు చాలని లెక్క వేశాడు. మొదట మాతృభాష, తర్వాతే లాటిన్. మొదట వస్తువు, తర్వాత మాట. మొదట ఉదాహరణ, తర్వాత సూత్రం. ఈనాడు మనకు సహజంగా తోచే ఈ పద్ధతులకు ఒక శాస్త్రపు వరుస కల్పించినవాడు ఆయనే.

ఇంట్లోనే బడి

చదువును ఆయన ఆరేసి సంవత్సరాల చొప్పున నాలుగు బడులుగా విభజించాడు. ఇరవై నాలుగు వరకు ఉన్నత విద్యాపీఠం, పద్దెనిమిది వరకు ప్రతి పట్టణంలో లాటిన్ బడి, పన్నెండు వరకు ప్రతి ఊళ్ళో మాతృభాష బడి. వీటన్నిటికంటే ముందు, పుట్టినప్పటినుంచి ఆరేళ్ళ వరకు, ప్రతి ఇంట్లో తల్లి ఒడి బడి. ఈ మొదటి బడి కోసం విడిగా ఒక చిన్న పుస్తకం రాశాడు. 1633లో అది జర్మన్ భాషలో అచ్చయింది. పసిపిల్లల పెంపకం మీద తల్లిదండ్రుల కోసం పద్ధతి ప్రకారం రాసిన తొలి పుస్తకాల్లో అదొకటి.

ఆ పుస్తకంలో గర్భిణి తినవలసిన తిండి నుంచి మొదలుపెడతాడు. తల్లి తన పాలే ఇవ్వాలంటాడు. పిల్లలకు రాయి ఏది, నీరు ఏది, వాన ఏది, తన చేయి ఏది, కాలు ఏది అని పేర్లతో పరిచయం చేయించమంటాడు. నిన్న, నేడు, రేపు అనే మాటలతో చరిత్ర మొదలవుతుందని, ఎక్కువ తక్కువల భేదంతో లెక్క మొదలవుతుందని, తాను పుట్టిన ఇంటి వసారా, పొలం, ఏరు తెలియడంతో భూగోళం మొదలవుతుందని వివరిస్తాడు. ఆడుకోవడానికి చిన్న బండ్లు, బొమ్మరిళ్ళు ఇవ్వమంటాడు. ఆట వృథా కాదు, ఒళ్ళూ బుద్ధీ రెండూ అక్కడే పదును తేలుతాయి. భక్తి నేర్పడానికి పెద్ద ప్రసంగాలు అవసరం లేదు. పెద్దలు చేతులు జోడించి ప్రార్థించడం పిల్లవాడు చూడాలి, కీర్తన పాడుతుంటే వినాలి. చూసినదాన్ని తనంతట తాను చేస్తాడు.

మనవాళ్ళకు బాగా నచ్చే సలహా ఇంకొకటి ఉంది. అల్లరి చేస్తే బడిలో పడేస్తాం, పంతులు వీపు చీరేస్తాడు అని పిల్లలను భయపెట్టవద్దంటాడు. పంతులును బూచాణ్ణి చేసి చూపించాక ఆ పిల్లవాడు బడికి ఏ మొహంతో వెళ్ళాలి? బడి ఎంత మంచిదో, కొత్త స్నేహితులు ఎలా దొరుకుతారో చెప్పి, ముందుగానే ఆశ కల్పించమంటాడు.

పసితనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకుని, తర్వాత తన ఇద్దరు బిడ్డలను పోగొట్టుకున్న మనిషి ఈ పుస్తకం రాశాడని గుర్తుంచుకుంటే, అందులోని ప్రతి చిన్న జాగ్రత్త వెనుక ఏముందో తెలుస్తుంది. యేసు చిన్నపిల్లలను దగ్గరకు తీసి దీవించిన సంగతిని ఆయన మళ్ళీ మళ్ళీ తలుచుకుంటాడు. బంగారం, భూములు మనం సంపాదించేవి, పిల్లలు దేవుడిచ్చేవారు అన్నది ఆయన ధోరణి.

దేశదేశాల పిలుపులు

1631లో ఆయన లాటిన్ నేర్చుకోవడానికి భాషల ద్వారం అనే అర్థం వచ్చే పేరుతో ఒక పాఠ్యపుస్తకం ప్రకటించాడు. ఎనిమిది వేల మాటలను వెయ్యి వాక్యాల్లో కూర్చి, లోకంలోని సంగతులన్నీ చెప్పేలా రాశాడు. యూరపు భాషలు చాలావాటిలోకి అది అనువాదమైంది. నిరుపేద శరణార్థి పేరు దేశదేశాలా మారుమోగింది.

1641లో ఇంగ్లండు నుంచి పిలుపు వచ్చింది. జ్ఞానమంతా ఒకచోట కూర్చే విద్యాపీఠం పెట్టాలని మిత్రుల ఆలోచన. ఆయన లండన్ చేరిన మరుసటి ఏడే రాజుకు, పార్లమెంటుకు యుద్ధం మొదలై ఆ ఆశ మూలపడింది. ఫ్రాన్సు నుంచి రిష్‌లూ పిలిచాడు, వెళ్ళలేదు. 1642లో హాలండులో తత్వవేత్త డేకార్ట్‌ను కలిసి నాలుగు గంటలు మాట్లాడాడు. బుద్ధి ఒక్కటే చాలునన్న దారి ఒకరిది, బుద్ధికి తోడు దైవవాక్యం కావాలన్న దారి ఇంకొకరిది. స్నేహంగానే విడిపోయారు. ఆ తర్వాత స్వీడన్ ప్రభుత్వం తమ బడులకు పాఠ్యపుస్తకాలు రాయమంది. జీతం కోసం, అంతకంటే ఎక్కువగా స్వీడన్ తన దేశాన్ని విడిపిస్తుందన్న ఆశతో, ఆరేళ్ళు ఎల్బింగ్ పట్టణంలో కూర్చుని ఆ పని చేశాడు.

1648లో వెస్ట్‌ఫేలియా సంధి కుదిరి యుద్ధం ముగిసింది. ఆ సంధిలో చెక్ సహోదరుల ఊసే లేదు. ఇంటికి వెళ్ళే దారి శాశ్వతంగా మూసుకుపోయింది. అదే సంవత్సరం రెండో భార్య డొరోతీ మరణించింది. ఇంట్లో ఆడపిల్లలు, పసివాడైన కొడుకు మిగిలారు. అదే సంవత్సరం ఆయన తన సంఘానికి ప్రధాన బిషప్పయ్యాడు. చెల్లాచెదరైన మందకు కాపరి కావడమంటే పదవి కాదు, బరువు. పిల్లల కోసం మరుసటి ఏడు మూడో పెళ్ళి చేసుకున్నాడు.

బొమ్మల పుస్తకం

1650లో హంగరీలోని సారోష్‌పటక్ నుంచి పిలుపు వచ్చింది. అక్కడి బడిని తన పద్ధతిలో దిద్దడానికి వెళ్ళాడు. ఏడు తరగతులు తలపెడితే మూడే తెరవగలిగాడు. పాఠాలను నాటకాలుగా రాసి పిల్లలచేత ఆడించాడు. మొదట నొసలు చిట్లించిన పెద్దలు తర్వాత తమ పిల్లల వేషాలు చూడటానికి బారులు తీరారు.

అక్కడే ఆయన బొమ్మల లోకం అనే అర్థం వచ్చే తన ప్రసిద్ధ గ్రంథాన్ని తయారుచేశాడు. దానిలోని బొమ్మలకు అచ్చుదిమ్మలు చెక్కగల పనివారు హంగరీలో దొరకక, చివరకు 1658లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో అచ్చయింది. నూట యాభై పాఠాలు, ప్రతి పాఠానికి ఒక బొమ్మ. బొమ్మలోని వస్తువులకు అంకెలు వేసి, కింద అదే అంకెతో లాటిన్‌లోను, పిల్లవాడి సొంత భాషలోను పేరు ఇచ్చాడు. అక్షరమాలకు జంతువుల అరుపులు జతచేశాడు. కాకి ఇలా అరుస్తుంది, గొర్రెపిల్ల ఇలా అరుస్తుంది అంటూ పిల్లవాడు నవ్వుతూ అక్షరం పలుకుతాడు. దేవునితో పుస్తకం మొదలవుతుంది, అంతిమ తీర్పుతో ముగుస్తుంది. మధ్యలో నిప్పు, నీరు, పక్షులు, రొట్టెలు కాల్చేవాడు, దర్జీ, వడ్రంగి, మంగలి, పుస్తకాలు కుట్టేవాడు, అందరూ ఉన్నారు. దేవుని లోకంలో పనివాడి చేతిపని కూడా పాఠమేనని పిల్లవాడికి చెప్పకుండానే చెప్పిన పుస్తకమది. మరుసటి ఏడే ఇంగ్లీషులోకి వెళ్ళింది. నూరేళ్ళు గడిచాక జర్మన్ మహాకవి గోథే చిన్నతనంలో చేతబట్టిన పుస్తకాల్లో ఇదీ ఒకటి. మన మనవలు ఒకటో తరగతిలో తిప్పే ప్రతి బొమ్మల వాచకానికీ ఇది ముత్తాత.

రెండో మంట

1654లో ఆయన లెష్నోకు తిరిగివచ్చాడు. మరుసటి ఏడు స్వీడన్ రాజు పోలండ్‌పై దండెత్తాడు. స్వీడన్ మీద ఆశ చావని కొమేనియస్ ఆ రాజును పొగుడుతూ ఒక రచన ప్రకటించాడు. తనకు ఆశ్రయమిచ్చిన దేశంలో ఉండి అలా చేయడం తొందరపాటే. 1656 ఏప్రిల్‌లో పోలిష్ సేనలు లెష్నోను తగలబెట్టాయి. ఇల్లు, పుస్తకాలు, రాతప్రతులు బూడిదయ్యాయి. విద్యార్థిగా ఉన్నప్పుడు మొదలుపెట్టి నలభై నాలుగేళ్ళుగా కూర్చుకుంటూ వచ్చిన చెక్ నిఘంటువు కూడా పోయింది. అన్ని నష్టాల్లోకి ఆయనను చివరిదాకా బాధించినది అదే. అప్పటికి ఆయనకు అరవై నాలుగేళ్ళు. మన లెక్కన పింఛను పుచ్చుకుంటూ పడకకుర్చీలో కూర్చునే వయస్సు.

ఆమ్‌స్టర్‌డామ్ నగరం ఆయనను ఆదరించింది. పాత దాత కొడుకు ఇల్లు చూపించాడు. 1657లో ఆయన బోధనా రచనలన్నీ సంపుటాలుగా అచ్చయ్యాయి. అదే ఏడు, తన చిన్ననాటి సహపాఠి ఒకడు చెప్పిన భవిష్యవాణులను నమ్మి ప్రకటించి పేరు చెడగొట్టుకున్నాడు. ఇల్లు చేరాలన్న తపన ఎంతటి వివేకినైనా ఎలా మోసగిస్తుందో చెప్పడానికి ఇది చాలు. అయినా చేయి ఆగలేదు. 1667లో ఇంగ్లండు, హాలండు రాయబారులు సంధికి కూర్చుంటే, క్రైస్తవులు క్రైస్తవులను చంపుకోవడం తగదని వారికి ఒక విజ్ఞప్తి రాశాడు. 1670 నవంబరు 15న కన్నుమూశాడు. ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర నార్డెన్ పట్టణంలో ఆయన సమాధి ఉంది.

హాలె నుంచి ఒక దారం

కొమేనియస్‌కు, మన తెలుగుకు ఏం సంబంధమని అడగవచ్చు. నేరుగా లేదు, కాని సన్నని దారం ఒకటి ఉంది. జర్మనీలోని హాలె పట్టణంలో ఫ్రాంకె అనే భక్తుడు అనాథ బాలల కోసం పెద్ద విద్యాలయం నెలకొల్పాడు. అక్కడినుంచి తరంగంబాడికి, మద్రాసుకు వచ్చిన మిషనరీల్లో ఒకరు బెంజమిన్ షుల్జ్. ఆయన తెలుగు నేర్చి, తిరిగి హాలె వెళ్ళాక 1746–47లో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. అచ్చయిన తొలి తెలుగు పుస్తకాలుగా వాటినే చెబుతారు. అదే హాలె అనాథాశ్రమపు గ్రంథాలయంలో 1934లో ఒక పండితుడికి కొమేనియస్ చివరి మహాగ్రంథపు రాతప్రతి దొరికింది. పోయిందనుకున్న ఆ గ్రంథం 1966లో ప్రాగ్‌లో అచ్చయింది.

అందులో ఆయన తన పాత నాలుగు బడుల లెక్కను మార్చుకున్నాడు. ఇరవై నాలుగేళ్ళకు చదువు ముగియదని, మనిషి జీవితం మొత్తం బడేనని, పుట్టకముందు నుంచి మరణం దాకా ఎనిమిది తరగతులు ఉన్నాయని రాశాడు. వాటిలో ఏడోది వార్ధక్యపు బడి. ఆ తరగతిలో పాఠాలు మూడు: గడిచిన జీవితపు ఫలాన్ని సరిగా అనుభవించడం, మిగిలిన పనిని సరిగా ముగించడం, నిత్యజీవంలోకి నెమ్మదిగా అడుగుపెట్టడం.

నేడు చెక్, స్లోవాక్ దేశాల్లో ఆయన జన్మదినమైన మార్చి 28 ఉపాధ్యాయ దినోత్సవం. చెక్ దేశపు 200 క్రౌన్ల నోటు మీద ఆయన బొమ్మ ఉంది. యునెస్కో 1957లో ఆయన రచనల సంకలనం వెలువరిస్తే మనస్తత్వవేత్త పియాజే ముందుమాట రాశాడు. దేశం వెళ్ళగొట్టిన మనిషికి దేశం ఇంతకంటే ఏమిస్తుంది?

మన సంఘ సభ్యులు ఏ మతస్థులైనా ఈ జీవితం నుంచి తీసుకోవలసింది ఉంది. కొడుకు, కోడలు ఉద్యోగాలకు వెళ్ళిన ఇళ్ళలో ఇప్పుడు తల్లి ఒడి బడి నడిపేది చాలావరకు తాతలు, బామ్మలే. కొమేనియస్ చెప్పిన రెండో తరగతి, ఏడో తరగతి ఒకే వసారాలో పక్కపక్కనే కూర్చుంటున్నాయి. ర్యాంకుల గురించి, సీట్ల గురించి చెప్పడానికి పిల్లలకు బయట చాలామంది ఉన్నారు. ఇది చీమ, ఇది వేపచెట్టు, ఇది అబద్ధం, ఇది దణ్ణం అని ఓపికగా చూపించేవారు మాత్రం మనమే. ఆ పాఠానికి పింఛను పెరగదు. రేపు ఉదయం మనవడు చేయి పట్టుకుని లాగినప్పుడు, పేపరు పక్కన పెట్టి లేవగలిగితే చాలు. మన తరగతి మొదలైనట్టే.